ఆగస్టు 6 ఎవరిది?

గద్దరన్న పోయింది 2023 ఆగస్టు 6న. ఆ రోజు నా ఫోను నిండా గొంగడి, కర్ర, గజ్జెల ఫోటోలే. తప్పులేదు, తూప్రాన్ దళిత బిడ్డ మన గొంతయ్యాడు మరి. కానీ మా వేమూరు నియోజకవర్గంలో ఆ తారీఖు 32 ఏళ్ల ముందునుంచే ఏడుపు దినం. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపి, శవాల్ని గోతాల్లో కుక్కి కాల్వలో పడేశారు. మనవాళ్లు వాళ్లను ఊరి నడిబొడ్డునే పాతిపెట్టారు. అదే రక్తక్షేత్రం.

1997లో దిగిన తూటాల్లో ఒకటి చివరిదాకా ఒంట్లోనే ఉన్న గద్దరన్నకు అధికార లాంఛనాలు దక్కాయి. చుండూరుకు దక్కిందేమిటి? 2007లో ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది.

పాటగాణ్ణి తలుచుకోవడం తేలిక, పాట ఉంటుంది కదా! ఆ ఎనిమిది మందికి పాటేదీ? పేర్లయినా ఎంతమందికి తెలుసు? గద్దర్ వర్ధంతి సభ ఎక్కడ పెడదాం సార్ అని అడిగే పిల్లలకు నేను చెప్పేది ఒకటే: రక్తక్షేత్రం దగ్గర పెట్టండి. ముందు ఆ ఎనిమిది పేర్లు చదవండి. డప్పు ఆ తర్వాత.