సలోత్రి ఎవరి మాట?

మొన్న తార్నాకలో ఒక బారాత్ నడిరోడ్డు మీద ఆగిపోయింది. దూల్హా ఎక్కిన తెల్ల గుర్రం ముందుకాలు నేలకు ఆనించలేకపోతోంది. లాలాపేట నుంచి ఒక ముసలి నాల్‌బంద్‌ను పిలిపించారు. ఆ చాచా దూల్హాను దింపించి, గిట్టను అరచేత్తో తాకి చూశారు. కాలిపోతోంది. నాడా ఊడదీసి, గిట్ట అడుగును సుమ్‌తరాష్‌తో కొద్దిగా చెక్కితే నల్లటి చీము కారింది. కాసేపటికే గుర్రం కాలు ఆనించింది. "ఇంక సలోత్రికి చూపించు బేటా, ధనుర్వాతం సూది జరూర్ వేయించు" అన్నారు చాచా గుర్రం వాడితో.

సలోత్రి! ఉర్దూ మీడియం బడిలో ఈ లఫ్జ్ విన్నప్పుడు ఫార్సీ అనుకున్నాను. ఉస్మానియా క్యాంపస్‌లో తెలుగు చదువుతున్నప్పుడు అసలు సంగతి తెలిసింది. గుర్రాల వైద్యానికి ఆద్యుడిగా చెప్పే శాలిహోత్ర మహర్షి పేరే జనం నోట నలిగి సలోత్రి అయింది. ఆయన పేరున్న శాస్త్రాన్ని బహమనీల జమానాలో గుల్బర్గాలో అబ్దుల్లా బిన్ సఫీ ఫార్సీలోకి తెచ్చారు. తర్వాత సాదత్ యార్ ఖాన్ రంగీన్ ఉర్దూలో ఫరస్‌నామా రాశారు. మన తెలుగులో మనుమంచి భట్టు గుర్రాల లక్షణాల మీద కావ్యమే చెప్పాడు. ఇల్మ్‌కు మజ్‌హబ్ అడ్డం రాలేదు.

చాచా చేసిన పనిలో హిక్మత్ ఏమిటి? రాయి మీద అడుగు పడితే గిట్ట లోపల నెత్తురు కమిలిపోతుంది. అది ఉత్త దెబ్బే అయితే ఆరామ్ ఇస్తే మానుతుంది. పగులులోంచో, మేకు రంధ్రంలోంచో మురికి చేరితే చీము పడుతుంది. గిట్ట సాగదు కాబట్టి, మనకు గోరు కింద చీము పట్టినట్టే, దర్ద్ భరించలేనిదవుతుంది. నిన్న పరిగెత్తిన గుర్రం ఇవాళ మూడు కాళ్ల మీద నిలబడుతుంది. కింద దారి ఇవ్వకపోతే చీము పైకి పాకి, గిట్ట, చర్మం కలిసేచోట పగులుతుంది. దారి ఇచ్చాక ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, శుభ్రంగా కట్టు కట్టాలి.

మల్కాజ్‌గిరి పక్కనే ఉన్న మౌలాలిలో ఒకప్పుడు గుర్రప్పందేలు జరిగేవి. 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వాటిని మలక్‌పేటకు మార్చారు. హైదరాబాద్ కాంటింజెంట్ నుంచి పుట్టిన 20వ దక్కన్ హార్స్ 1916 జూలై 14న ఫ్రాన్స్‌లోని హైవుడ్ దగ్గర గుర్రాల మీద దాడి చేసింది. ఆ జంగ్‌లో తూటాలే కాదు, దారుల్లో పడిన మేకులు కూడా గుర్రాలను కుంటివి చేశాయి. సిపాయిలు వంట కోసం పాత పెట్టెల చెక్కలు కాల్చేవారు. ఆ బూడిదతోపాటు మేకులూ దారిన పడేవి.

నిజాం పేరు తారీఖ్‌లో ఉంది. పల్టన్ పేరూ ఉంది. ఆ గుర్రాల గిట్టలను ఒళ్లో పెట్టుకుని, చీము ఎక్కడుందో వేళ్లతో పసిగట్టిన నాల్‌బంద్ పేరు మాత్రం ఎక్కడా కనిపించదు. ఆ హునర్‌తో బతికిన ముస్లిం ఖాందాన్‌లు మన ఊళ్లలో ఎన్నో. సూరె ఆదియాత్ మొదలయ్యేదే పరుగెత్తే గుర్రాల మీద, వాటి గిట్టల నుంచి లేచే నిప్పురవ్వల మీద ఒట్టుతో. ఆ గిట్టలను కాపాడిన చేతులను మనమే మరిచిపోతే ఎలా?

మీ ఇంట్లో నాల్‌బందీ చేసిన దాదా, నానా ఉంటే పక్కన కూర్చుని అడగండి. పనిముట్ల పేర్లు, మందుల నుస్ఖాలు, అన్నీ కాగితం మీద పెట్టండి. చాచా వయసు ఎనభై దాటింది. ఆయన కొడుకు ఆటో నడుపుతున్నాడు.