బాన్సువాడ సీమలో ఇంటింటి క్రిస్మసు

ప్రతి పండుగకును రెండు చరిత్రలు కలవు. ఒకటి దేవాలయముది, రెండవది గృహముది. మొదటిది శాసనములకును గ్రంథములకును ఎక్కును. రెండవది వంటయింటిలోను వసారాలోను పెరిగి, వ్రాతకు నోచుకొనకయే తరమునుండి తరమునకు దిగివచ్చును. నేటి కామారెడ్డి జిల్లాలోని బాన్సువాడ ప్రాంతమున పెద్ద కుటుంబములు క్రిస్మసును జరుపుకొను తీరును పరిశీలించినచో, ఈ రెండు చరిత్రలు ఎచ్చట కలిసికొన్నవో మనకు తేటపడగలదు.

రోము నగరమున క్రీస్తు జయంతిని డిసెంబరు 25వ తేదీన ఆచరించుట క్రీ.శ. 336 నాటికే కలదు. పశువుల తొట్టి దృశ్యమును 1223లో ఇటలీ దేశపు గ్రెచ్చో గ్రామమున అస్సీసీ ఫ్రాన్సిసు ఏర్పరచెను. అలంకరించిన చెట్టు జర్మనుల ఇండ్లలో పుట్టినది. విక్టోరియా రాణి కుటుంబము అట్టి చెట్టు చుట్టును నిలిచిన చిత్రము 1848లో ఒక పత్రికయందు అచ్చయిన పిమ్మట ఇంగ్లండున మిక్కిలి ప్రబలినది. 1932లో అయిదవ జార్జి చక్రవర్తి తొలి క్రిస్మసు సందేశమును రేడియోలో వినిపించుటతో, కుటుంబమంతయు పెట్టె చుట్టును చేరి వినుట మరియొక ఆచారమయ్యెను. ఈ పండుగ ఏ దేశమునకు పోయిన ఆ దేశపు ఇంటి సొమ్మును తనలో కలుపుకొనుచునే వచ్చినది. మన సీమలోను అదియే జరిగినది.

నిజాం రాజ్యమునకు ఉత్తర భాగమున వెస్లియను మెథడిస్టు సంఘమువారు పనిచేసిరి. పందొమ్మిదవ శతాబ్ది చివర మెదకు చేరిన చార్లెస్ వాకర్ పాస్నెట్ అచ్చట 1914లో మహాదేవాలయ నిర్మాణమునకు పూనుకొనెను. ప్రపంచయుద్ధమును కరవును పీడించిన ఆ దినములలో, రాతిపనియు మట్టిపనియు అనేక కుటుంబములకు కూడు పెట్టినవి. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల శిఖరము గల ఆ ఆలయమును 1924 డిసెంబరు 25న, సరిగా క్రిస్మసునాడు, ప్రతిష్ఠించిరి. అది 2024లో నూరేండ్లు నిండించుకొనినది. నిజామాబాదు సమీపమున డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్, జార్జి కెర్ దంపతులు కుష్ఠురోగుల ఆసుపత్రిని స్థాపించిరి. హిందువగు నర్సాగౌడు దానికి ద్రవ్యసహాయము చేసెను. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడగా, ఈ ప్రాంతపు సంఘములు మెదకు అధ్యక్ష మండలమున చేరినవి.

ఈ మతమును స్వీకరించినవారిలో అధికులు మాల, మాదిగ కుటుంబములవారు. ఊరి బావియు, ఊరి బంతియు వారికి దూరము. పెండ్లి భోజనమున కడపటి ఆకు కొరకు వెలుపల వేచియుండినవారికి, అందరును ఒకే వరుసలో కూర్చుండి భుజించు పండుగ ఎట్టిదో మనము ఊహించుకొనవలెను. క్రిస్మసు విందునకు ఈ సీమలో గల గౌరవమునకు మూలము వంటల సంఖ్యలో కాక, ఆ వరుసలోనే కనబడును.

విందునకు ధాన్యము కావలెను గదా! మంజీరా నదిపై 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరము బాన్సువాడ పొలములకు కాలువనీరు తెచ్చెను. బోధనులో 1937లో చక్కెర కర్మాగారము వెలసి, చుట్టుపట్ల చెరకును పెంచెను. ఆ కర్మాగారము 2015లో మూతబడినను, కాలువ క్రింది వరి నిలిచియున్నది. వానకాలపు వరి కోతలు ముగిసి క్రొత్త బియ్యము ఇల్లు చేరిన కొలది దినములకే క్రిస్మసు వచ్చును. కావుననే సంక్రాంతి పిండివంటలగు అరిసెలు, సకినాలు ఈ పండుగకును సహజముగా అమరినవి.

పండుగకు వారము ముందే ఇంటికి సున్నము వేయుదురు. వెదురు పుల్లలకు రంగుకాగితములు అంటించి, లోపల దీపముంచి, నక్షత్రమును గుమ్మమున కట్టుదురు. రాత్రివేళ యువకులు డోలకు, తాళములతో ఇంటింటికి వచ్చి కీర్తనలు పాడుదురు. పురుషోత్తమ చౌదరి వంటి పందొమ్మిదవ శతాబ్ది కవులు దేశీయ రాగములలో రచించిన కీర్తనలే తెలుగు క్రైస్తవులకు తమ స్వరమును ఇచ్చినవి. ఆడబిడ్డలు పిల్లలతో తల్లిగారింటికి చేరుదురు. పెద్దబాపు, చిన్నబాపుల సంతానమంతయు ఒక్క చూరు క్రింద పండుకొనును. అవ్వ పాకము చూచును, కోడండ్రు పిండి దంచుదురు, మనుమరాండ్రు వాకిట ముగ్గు పెట్టుదురు. ఉదయము ఆరాధన ముగిసిన పిదప బగారా అన్నమును మాంసపు కూరయు వండుదురు. ముస్లిము ఇరుగుపొరుగువారును తినగలుగుటకై మేకను ముల్లాచేత హలాలు చేయించుట తెలంగాణ పల్లెలలో ఎరిగిన అలవాటే. మాంసము ముట్టని ఇండ్లకు మిఠాయిల పళ్ళెము పోవును. ఆ పళ్ళెము ఉత్తది తిరిగిరాదు. రంజానుకు సేమియా పాయసముతోను, సంక్రాంతికి సకినాలతోను తిరిగివచ్చును.

ఆ వరుసలో కూర్చుండువారందరును క్రైస్తవులే కారు. ఒకే తాత మనుమలలో కొందరు బాప్తిస్మము పొందిరి, కొందరు పొందలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవులైనవారికి షెడ్యూల్డు కులముల జాబితాలో చోటు లేదు. మన రాష్ట్రమున వారు వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గమున చేరుదురు. ఈ విధముగా కాగితముమీద వేరుపడిన అన్నదమ్ములు ఈ ఒక్క దినమున ఒకే వరుసలో భుజింతురు. పెద్ద కుటుంబము చేయగల పని ఇంతకన్న గొప్పది ఏమున్నది?

నేడు ఆ వరుసలో ఖాళీలు కానవచ్చుచున్నవి. ఈ జిల్లాలనుండి ఎందరో యువకులు 1970ల నుండి గల్ఫు దేశములకు పోయిరి. మరికొందరు హైదరాబాదున స్థిరపడిరి. పంపిన ధనముతో ఇండ్లు పెద్దవైనవి, ఇంట భుజించువారు తగ్గిరి. ప్రార్థనవేళ దూరమున నున్నవారి పేర్లు ఒక్కొక్కటిగా ఎత్తుట ఇపుడు పండుగలో ముఖ్యభాగమైనది. టెలిఫోను తెరపై వారి ముఖములు చూచి తల్లులు తృప్తిపడుచున్నారు.

మహాదేవాలయపు కొలతలు మనకు అడుగులతో సహా తెలియును. కాని మొదటి బంతిని ఎవరు పరచిరి, ఎవరిని పిలిచిరి, ఎవరు వచ్చుటకు జంకిరి అను సంగతులు వృద్ధుల జ్ఞాపకములలోనే కలవు. వారు జీవించియుండగనే అడిగి వ్రాసికొనుట మన విధి. అందరును ఇల్లు చేరియుండు ఈ పండుగ దినములకన్న దానికి అనువైన సమయము వేరొకటి లేదు.