లవణాల ద్రావణీయత

ఒక నిర్దిష్ట ఉష్ణోగ్రత వద్ద 100 గ్రాముల నీటిలో కరిగి సంతృప్త ద్రావణాన్ని ఏర్పరచే లవణపు గరిష్ఠ ద్రవ్యరాశిని ఆ లవణం యొక్క '''ద్రావణీయత''' అంటారు. ఇక్కడ నీరు ద్రావణి, లవణం ద్రావితం.

== సంతృప్త స్థితి ==
సంతృప్త ద్రావణంలో కరగడం పూర్తిగా ఆగిపోదు. స్ఫటికం నుండి నీటిలోకి చేరే అయాన్లు, నీటి నుండి స్ఫటికం పైకి తిరిగి చేరే అయాన్లు సమాన వేగంతో కదులుతుంటాయి. దీనిని గతిక సమతాస్థితి అంటారు. అందువలన అదనంగా వేసిన లవణం అడుగున మిగిలిపోతుంది.

== ఉష్ణోగ్రత ప్రభావం ==
100 గ్రాముల నీటిలో కొన్ని పదార్థాల ద్రావణీయత సుమారుగా ఇలా ఉంటుంది:
* సోడియం క్లోరైడు (ఉప్పు): 0 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద 35.7 గ్రాములు, 100 డిగ్రీల వద్ద 39 గ్రాములు.
* పొటాషియం నైట్రేటు (సురేకారం): 0 డిగ్రీల వద్ద 13 గ్రాములు, 100 డిగ్రీల వద్ద 240 గ్రాములకు పైగా.
* కాల్షియం హైడ్రాక్సైడు (తడి సున్నం): 20 డిగ్రీల వద్ద 0.17 గ్రాములు, 100 డిగ్రీల వద్ద 0.07 గ్రాములు.

వేడి ద్రావణాన్ని చల్లార్చితే సురేకారం స్ఫటికాలుగా విడిపోతుంది. ఉప్పు అలా విడిపోదు. కనుకనే ఉప్పుమడులలో సముద్రపు నీటిని ఎండకు ఆవిరి చేస్తారు.

== భూగర్భజలాలలో ==
తెలంగాణలోని కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలలో నేల అడుగున ప్రధానంగా గ్రానైటు, నైస్ శిలలు ఉన్నాయి. ఇటువంటి శిలల పగుళ్ళలో నిలిచిన నీటిలోకి ఖనిజ లవణాలు నెమ్మదిగా కరుగుతాయి. బోరుబావుల నీటి కాఠిన్యానికి ఇదే కారణం.

గ్రానైటు శిలలలో ఉండే ఫ్లోరైటు (కాల్షియం ఫ్లోరైడు) సాధారణంగా కరగని పదార్థంగా పరిగణించబడుతుంది. అయినను లీటరు నీటిలో సుమారు 16 మిల్లీగ్రాములు కరుగుతుంది. అందులో ఫ్లోరైడు వంతు దాదాపు 8 మిల్లీగ్రాములు. భారత ప్రమాణాల ప్రకారం త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదు. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. కావున ఇంత స్వల్ప ద్రావణీయత కూడా దంతాలను, ఎముకలను దెబ్బతీసే ఫ్లోరోసిస్ వ్యాధికి చాలును. భారతదేశంలో ఈ వ్యాధిని 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు.

నీటిలో కాల్షియం అధికంగా ఉంటే ఫ్లోరైటు తక్కువగా కరుగుతుంది. దీనిని ఉమ్మడి అయాను ప్రభావం అంటారు. కాల్షియం కార్బొనేటుగా అవక్షేపించినచోట ఫ్లోరైడు పెరుగుతుంది. అందువలన రుచికి మెత్తగా ఉన్న నీరు సురక్షితమని చెప్పలేము.

== శుద్ధి ==
నీటిని మరిగిస్తే తాత్కాలిక కాఠిన్యం పోతుంది గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైన కొద్దీ దాని గాఢత పెరుగుతుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తగ్గించే విధానానికి నల్గొండ పద్ధతి అని పేరు.