ఇంజను లేని విమానానికి అంత వెల ఎందుకు?

మొన్న సెలవులకు వచ్చిన మా మనుమడు ఒక సందేహం వెలిబుచ్చాడు. "తాతయ్యా, గ్లైడరుకు ఇంజను లేదు, ఒకరో ఇద్దరో కూర్చునే చిన్న వస్తువు. మరి కొత్తది కారు కంటె ఎన్నో రెట్లు ఖరీదట, ఎందుకు?" తెలుగు పండితునికి విమానాలతో పనేమిటని తప్పించుకోబోయాను. ఆలోచించగా సమాధానం మన ఉత్తరాంధ్రలోనే ఉన్నదని తోచింది.

శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని ఏకి, చేతితో నూలు వడుకుతారు. నూలు సన్నమయ్యేకొద్దీ గజం బట్టకు పట్టే పత్తి తగ్గుతుంది, వెల మాత్రం పెరుగుతుంది. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో ఒకే పనసదుంగను తొలిచి ఏకాండి వీణ చేస్తారు. బహుమతుల కొరకు చేసే చిట్టి వీణకు కొయ్య స్వల్పమే, చెక్కడపు శ్రమ ఆ పాళ్లలో తగ్గదు. మనం చెల్లించేది ముడిసరుకుకు కాదు, చేతిపనికి.

గ్లైడరు చరిత్ర కూడ ఇదే చెబుతుంది. జర్మనీలో ఆటో లిలియెంతాల్ అనే ఇంజనీరు 1894 నుండి తన కర్మాగారంలో గ్లైడర్లు చేయించి, ఒక్కొక్కటి 500 మార్కులకు అమ్మాడు. వాటిలో ఉన్నది విల్లో కర్ర, నూలుబట్ట. కొన్నవారు పదిమంది అటూ ఇటూ. 1896లో ఎగురుతూ పడి ఆయన మరణించాడు.

మన దేశంలో పౌరవిమానయాన శాఖవారు గ్లైడర్లకు నక్షత్రాల పేర్లు పెట్టుకున్నారు: అశ్విని, రోహిణి, 1963లో ఎగిరిన కార్తీక్. అవి కొయ్యవి. రెక్కలోని ప్రతి పట్టీని కోసి, జిగురుతో అతికి, అతుకును పరీక్షించి, పైన బట్ట కప్పాలి. అతుకు ఊడితే ప్రాణమే పోతుంది గనుక తొందరపడరాదు.

1957లో జర్మనీలో ఫీనిక్స్ అనే గాజునార గ్లైడరు ఎగిరింది. ఇక అచ్చులో పోస్తే చాలు, చవకవుతుందని అనిపిస్తుంది. కాని గాజునార పొరలను అచ్చులో చేతితోనే పరచాలి. రెక్క ఉపరితలం గాలిని చెదరనీయనంత నునుపయ్యేదాక వందల గంటలు అరగదీయాలి. పైగా అచ్చు ఖర్చు ఒకటి. అచ్చుకూ పరీక్షలకూ పది లక్షలయిందనుకుందాం. వెయ్యి విమానాలమ్మితే ఒక్కొక్కదానిపై పడేది వెయ్యి రూపాయలు, పదే అమ్మితే లక్ష. కారుకు లక్షలమంది కొనుగోలుదారులున్నారు, గ్లైడరుకు లేరు.

ఈ ముడిని విప్పాలని అంతర్జాతీయ వైమానిక సమాఖ్యవారు చవకైన చిన్న గ్లైడరుకు పోటీ పెట్టారు. వార్సా సాంకేతిక విశ్వవిద్యాలయంవారి పి.డబ్ల్యు.-5 గెలిచింది. 1997లో దానికి ప్రత్యేక ప్రపంచపోటీలు కూడ మొదలయ్యాయి. అయితే అదే సొమ్ముకు ఇంకా దూరం ఎగిరే పాత గ్లైడరు దొరుకుతుంటే కొత్త చిన్నదానిని ఎందరు కొంటారు? ఆశించిన సంఖ్య రాలేదు, ఆ తరగతి పోటీలూ నిలిచిపోయాయి. చిన్నదైనంత మాత్రాన చవక కాదని అంత ప్రయత్నం తరువాత తేలింది.

ఇదంతా చెప్పగా మనుమడు మా ఇంట్లోని చిట్టి వీణను చూపి, "మరి దీన్ని ఎంతకు బేరమాడావు తాతయ్యా?" అన్నాడు. సగానికి అడిగినవాణ్ణి నేనే. వాడికి ఆ మాట చెప్పడానికి సిగ్గనిపించింది. మీకు చెబుతున్నాను.