మతప్రేరిత ప్రభుత్వాలు - అణ్వస్త్ర నిరోధకత

అణ్వస్త్ర నిరోధకత అనగా, దాడి చేసిన పక్షంలో కోలుకోలేని ప్రతిదాడి తప్పదనే భయం కలిగించి శత్రువును దాడికి పూనుకోకుండా నిలువరించడం. ఎదుటి ప్రభుత్వం తన ప్రజలు, తన నగరాలు, తన అధికారం నిలవాలని కోరుకుంటుందనే ఊహపైనే ఈ సిద్ధాంతమంతా ఆధారపడి ఉంది. ఇహలోకం కంటే పరలోకమే ముఖ్యమని నమ్మే పాలకుల విషయంలో ఈ ఊహ నిలుస్తుందా అనే ప్రశ్న 1979 నాటి ఇరాన్ విప్లవం తరువాత తలెత్తింది. 1998 మే నెలలో భారతదేశం, పాకిస్తాన్ అణుపరీక్షలు జరిపిన తరువాత అది మన ఉపఖండపు ప్రశ్న కూడా అయింది.

సిద్ధాంతం

అణుబాంబు వచ్చిన తరువాత సైన్యం ముఖ్యకర్తవ్యం యుద్ధాలు గెలవడం కాక, వాటిని రాకుండా చూడడమే అవుతుందని బెర్నార్డ్ బ్రోడీ 1946లోనే సూచించాడు. బెదిరింపు ఒక్కటే చాలదని, నీవు దాడి చేయకుంటే నేనూ చేయననే భరోసా కూడా ఉండాలని థామస్ షెల్లింగ్ చేర్చాడు. ఈ రెండవ భాగాన్ని చాలామంది మరచిపోతారు. ఎలాగైనా తనను కూలదోస్తారని నమ్మే ప్రభుత్వం భక్తిగలదైనా, నాస్తికమైనా, బెదిరింపుకు లొంగవలసిన అవసరం దానికి కనిపించదు.

ఇరాన్

ఇరాన్ పాలకుల దృష్టిలో పరస్పర వినాశనం భయకారణం కాదు, ప్రోత్సాహకం అవుతుందని చరిత్రకారుడు బెర్నార్డ్ లూయిస్ 2006 ఆగస్టులో రాశాడు. ఆ నెల 22వ తేదీ ఇస్లామీయ పంచాంగంలో విశేషమైనది కనుక ఆనాడు ఏదైనా జరగవచ్చని కూడా హెచ్చరించాడు. ఆ తేదీన ఏమీ జరగలేదు. దీనికి పూర్తిగా వ్యతిరేకంగా కెన్నెత్ వాల్ట్జ్ 2012లో, ఇరాన్ చేతికి అణ్వస్త్రం వస్తే ఆ ప్రాంతంలో సమతూకం ఏర్పడుతుందని వాదించాడు.

చరిత్ర లూయిస్ అంచనాను బలపరచదు. ఇరాక్‌తో 1980లో మొదలైన యుద్ధంలో ఇరాన్ యువకులు ప్రాణత్యాగాన్ని పుణ్యంగా భావించి మందుపాతరల మీదుగా నడిచిన మాట నిజమే. కానీ 1988 జూలైలో, యుద్ధం కొనసాగిస్తే విప్లవ ప్రభుత్వమే నిలవదని తోచినపుడు, ఆయతుల్లా ఖొమేనీ భద్రతామండలి 598వ తీర్మానానికి అంగీకరించాడు. ఆ నిర్ణయాన్ని విషం తాగడంతో పోల్చుకున్నాడు. సైనికుని భక్తి వేరు, పాలకుని లెక్క వేరు.

మతం ఎల్లప్పుడూ అణ్వస్త్రం వైపే లాగుతుందనుకోవడమూ సరికాదు. అణ్వస్త్రం మతధర్మానికి విరుద్ధమన్న ఆయతుల్లా ఖమేనీ ఫత్వాను ఇరాన్ 2005లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఎదుట ఉదహరించింది. అయితే 2021 నుండి ఆ దేశం యురేనియంను 60 శాతం వరకు శుద్ధి చేయడంతో ఆ మాటను నమ్మనివారు పెరిగారు.

ఈ వాదనకు ఎదురు నిలిచే ఉదాహరణ ఆఫ్ఘనిస్తాన్. 2001 సెప్టెంబరులో ఒసామా బిన్ లాడెన్‌ను అప్పగించమని అమెరికా కోరగా తాలిబన్ అధినేత ముల్లా ఒమర్ నిరాకరించి, కొద్ది వారాలలోనే రాజ్యం పోగొట్టుకున్నాడు. అయితే అది అణుదాడి బెదిరింపు కాదు. మరోవైపు, స్వదేశ వినాశనానికి సిద్ధపడినవారిలో ప్రముఖుడు మతవాది కానే కాదు. అమెరికా క్యూబాను ఆక్రమించే పక్షంలో అణ్వస్త్రాలు ప్రయోగించమని 1962 అక్టోబరులో క్రుష్చేవ్‌ను కోరినవాడు కమ్యూనిస్టు అయిన ఫిడెల్ కాస్ట్రో.

పాకిస్తాన్

పాకిస్తాన్ బాంబుకు 1972 జనవరిలో ముల్తాన్ సమావేశంలో పూనుకున్నవాడు జుల్ఫికర్ అలీ భుట్టో. అతడు మతవాది కాదు. దానిని ఇస్లామీయ నాగరికతకు చెందవలసిన శక్తిగా వర్ణించినవాడూ అతడే. సైన్యానికి మతవాసన పట్టించినది 1977లో అధికారం చేజిక్కించుకున్న జనరల్ జియా ఉల్ హక్. విశ్వాసం, దైవభీతి, దైవమార్గంలో జిహాద్ అనేవి అతని కాలంలో సైన్యపు ఆదర్శవాక్యమయ్యాయి. బ్రిగేడియర్ ఎస్.కె.మాలిక్ 1979లో ఖురాన్ యుద్ధభావనపై రాసిన పుస్తకానికి జియా ముందుమాట రాశాడు.

అటువంటి జియా ఏం చేశాడు? 1986-87లో భారత సైన్యం రాజస్థాన్‌లో బ్రాస్‌టాక్స్ విన్యాసాలు జరిపి సరిహద్దు వేడెక్కినపుడు, 1987 ఫిబ్రవరిలో క్రికెట్ చూసే నెపంతో జైపూర్ వచ్చి ఉద్రిక్తతను తగ్గించాడు. రెండు దేశాలూ అణుపరీక్షలు జరిపి ఏడాది తిరిగేసరికి కార్గిల్‌కు సైన్యాన్ని పంపిన జనరల్ పర్వేజ్ ముషారఫ్ మాత్రం ఆధునిక జీవనశైలికి పేరుపొందినవాడు. నమాజులో నిష్ఠను బట్టి యుద్ధంలో తెగింపును కొలవలేమనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

కార్గిల్ మరొక సంగతి కూడా తెలిపింది. అణ్వస్త్రం పూర్తియుద్ధాన్ని ఆపగలదు, చిన్నయుద్ధాన్ని ఆపలేదు. 2001లో పార్లమెంటుపై దాడి, 2008లో ముంబై దాడి, 2019లో బాలాకోట్, 2025 ఏప్రిల్‌లో పహల్గామ్‌లో 26 మంది హత్య, మే 7-10 తేదీల పోరు అన్నీ ఆ గొడుగు కిందనే జరిగాయి.

భారతదేశం

మతప్రేరిత ప్రభుత్వమనే మాటను భారతదేశంపై ప్రయోగించే విమర్శకులు పాకిస్తాన్‌లో ఉన్నారు. ఇక్కడ ఉమ్మడి కరీంనగర్ జిల్లాను ప్రస్తావించడం అవసరం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలు 2016 వరకు ఆ జిల్లాలోనివే. ఆ జిల్లా వంగరలో పెరిగి, మంథని నుండి శాసనసభకు ఎన్నికైన పి.వి.నరసింహారావు ప్రధానిగా ఉండగా, 1995 డిసెంబరులో పోఖ్రాన్‌లో పరీక్షకు సన్నాహాలు జరిగాయి. వాటిని అమెరికా ఉపగ్రహాలు పసిగట్టాయి. పరీక్ష ఆగిపోయింది. కారణం అమెరికా ఒత్తిడా, ఆంక్షల భయమా, మరొకటా అన్నదానిపై భిన్నాభిప్రాయాలున్నాయి. పి.వి. బహిరంగంగా వివరించలేదు. తనకు బాంబును సిద్ధంగా అప్పగించినది పి.వి. అని ఆయన మరణానంతరం 2004లో వాజపేయి వెల్లడించాడు.

హిందూత్వ పార్టీగా పేరున్న భారతీయ జనతా పార్టీ ప్రభుత్వం 1998 మే 11, 13 తేదీలలో పరీక్షలు జరిపింది. 2003 జనవరి 4న, తాము ముందుగా అణ్వస్త్రం ప్రయోగించబోమన్న విధానాన్ని ప్రకటించినదీ ఆ ప్రభుత్వమే. కాంగ్రెసు సిద్ధం చేసిన దానిని భాజపా పేల్చింది. తరువాత వచ్చిన కాంగ్రెసు ప్రభుత్వం భాజపా విధానాన్నే కొనసాగించింది. అయితే ఈ విధానం భవిష్యత్తు పరిస్థితులపై ఆధారపడి ఉంటుందని 2019 ఆగస్టులో రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ అన్నాడు. పాకిస్తాన్ అటువంటి హామీ ఎన్నడూ ఇవ్వలేదు.

సిద్ధాంతం పనిచేయని చోట్లు

అణ్వస్త్రం గుర్తించదగిన చిరునామా లేనివారి చేతికి చిక్కితే ప్రతిదాడి ఎవరిపై చేయాలి? పాకిస్తాన్ అణుశాస్త్రవేత్త సుల్తాన్ బషీరుద్దీన్ మహమూద్ 2001 ఆగస్టులో బిన్ లాడెన్‌ను కలుసుకున్నాడు. జపాన్‌లో ఓం షిన్రిక్యో అనే మతసంస్థ 1995 మార్చిలో టోక్యో భూగర్భ రైళ్ళలో సరిన్ విషవాయువు వదిలింది. ఇక పొరపాట్లకు మతం లేదు. 2022 మార్చి 9న భారతదేశం నుండి ఒక బ్రహ్మోస్ క్షిపణి పొరపాటున ఎగిరి పాకిస్తాన్ భూభాగంలో పడింది. అందులో వార్‌హెడ్ లేదు, ఎవరూ మరణించలేదు. ముగ్గురు వైమానిక దళ అధికారులను ఉద్యోగం నుండి తొలగించారు.

గల్ఫ్‌లోని తెలంగాణవారు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుండి అనేకులు దశాబ్దాలుగా దుబాయి, ఖతార్, కువైట్, సౌదీ అరేబియాలకు పనికి వెళుతున్నారు. ఈ చర్చ వారికి పుస్తకాలలోని విషయం కాదు. ఇరాన్ బుషెహర్ అణువిద్యుత్కేంద్రం గల్ఫ్ సముద్రానికి ఆవలి ఒడ్డునే ఉంది. 2025 జూన్ 22న అమెరికా ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్ అణుకేంద్రాలపై బాంబులు వేయగా, మరునాడు ఇరాన్ ఖతార్‌లోని అల్ ఉదైద్ స్థావరంపై క్షిపణులు ప్రయోగించింది. ఆ దాడి సంగతి ముందుగానే తెలియజేసింది. ప్రతీకారం తీర్చుకున్నట్లు కనిపించాలి, యుద్ధం పెరగకూడదు అన్నదే దాని లెక్క. ఆ రాత్రి ఖతార్ గగనతలాన్ని మూసివేయడంతో విమానాలు నిలిచిపోయాయి.