విండ్ షియర్: చిన్న విమానాల ల్యాండింగ్‌కు పొంచి ఉన్న ప్రమాదం

కొద్ది దూరంలోనే గాలి వేగం గాని, దిశ గాని, రెండూ గాని ఉన్నట్టుండి మారిపోవడాన్ని విండ్ షియర్ అంటారు. వానాకాలపు వాతావరణ వార్తల్లో వినిపించే ‘షియర్ జోన్’ ఇదే కోవకు చెందినా, అది వందల కిలోమీటర్ల మేర పరచుకునే వ్యవస్థ. ల్యాండింగ్‌ను దెబ్బతీసేది నేలకు 2,000 అడుగుల లోపు, రన్‌వే పరిసరాల్లో కనిపించే మార్పు. చిన్న విమానాలకు ఇది ముఖ్యంగా ప్రమాదకరం. వాటి ఇంజిన్లకు మిగులు శక్తి తక్కువ, ముందుగా హెచ్చరించే పరికరాలు అరుదు.

ఎలా దెబ్బతీస్తుంది

విమానాన్ని గాల్లో నిలిపేది రెక్కల మీదుగా పారే గాలి వేగమే తప్ప నేల మీద దాని వేగం కాదు. శిక్షణ విమానంగా పేరుపొందిన సెస్నా 172ఎస్ 65 నాట్ల వేగంతో దిగుతోందనుకుందాం. అందులో 20 నాట్లు ఎదురుగాలి పుణ్యమే. ఆ గాలి హఠాత్తుగా పడిపోతే వేగసూచిక 45 నాట్లు చూపుతుంది. లిఫ్ట్ (రెక్కలు పైకి ఎత్తే బలం) వేగపు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, రెక్క అదే కోణంలో ఉంటే అది సగానికి తగ్గిపోతుంది. ఫ్లాప్‌లు పూర్తిగా దించినప్పుడు ఈ విమానం స్టాల్ అయ్యే (రెక్కలు లిఫ్ట్ కోల్పోయే) వేగం సుమారు 40 నాట్లు. అంటే మిగిలే ఊపిరి ఐదు నాట్లు.

అన్నిటికన్నా తీవ్రమైన రూపం మైక్రోబర్స్ట్. ఉరుముల మేఘం నుంచి చల్లబడి బరువెక్కిన గాలి కిందికి దూకి, గచ్చు మీద కుమ్మరించిన బిందెడు నీళ్ళలా అన్ని వైపులకూ చిమ్ముతుంది. దీని విస్తృతి 4 కిలోమీటర్లకు మించదు, ఆయుష్షు చాలావరకు 5 నుంచి 15 నిమిషాలు. వేసవి సాయంత్రం వానకు ముందు దుమ్ము లేపుతూ చల్లగా తాకే ఈదురుగాలి కూడా మేఘం నుంచి దిగి నేల మీద పరచుకున్న గాలికి ముందంచే.

మైక్రోబర్స్ట్‌లోకి వెళ్ళే విమానానికి మొదట ఎదురుగాలి తగులుతుంది. వేగం పెరుగుతుంది, విమానం దిగాల్సిన దారికి పైకి లేస్తుంది. సర్దుకోవడానికి పైలట్ థ్రాటిల్ తగ్గిస్తాడు. ఆ వెంటనే కిందికి నొక్కే గాలి, దాని తర్వాత వెనకగాలి. శక్తి తగ్గించిన క్షణానికే వేగమూ ఎత్తూ కూడా జారిపోతాయి. ఆ నొక్కుడు నిమిషానికి 6,000 అడుగుల దాకా ఉండవచ్చు. సెస్నా 172ఎస్ సముద్రమట్టం వద్ద నిమిషానికి 730 అడుగులే ఎక్కగలదు.

విండ్ షియర్‌కు మేఘమే అక్కర్లేదు. నేలకు దగ్గరి గాలి చల్లబడిన నిర్మలమైన రాత్రుల్లో, రన్‌వే మీద ఆకు కదలకపోయినా, 2,000 నుంచి 4,000 అడుగుల ఎత్తులో 25 నాట్ల గాలి వీస్తూ ఉండవచ్చు. ఆ రెండు పొరల మధ్య షియర్ ఉంటుంది. కొండలు, హ్యాంగర్లు, సముద్రపు గాలి కూడా కారణమవుతాయి.

చరిత్ర

1975 జూన్ 24న న్యూయార్క్ కెన్నెడీ విమానాశ్రయంలో దిగుతూ ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 66వ నంబరు ఫ్లైట్, బోయింగ్ 727, కూలి 113 మంది మరణించారు. కాస్త ముందు రెండింజిన్ల చిన్న బీచ్‌క్రాఫ్ట్ బారన్ అదే రన్‌వే మీద క్షేమంగా దిగింది. అమెరికా రవాణా భద్రతా బోర్డు రన్‌వే దారిలోని ఉరుముల మేఘపు గాలులనూ, విమానం వేగంగా కిందికి జారుతున్న సంగతిని సిబ్బంది ఆలస్యంగా గుర్తించడాన్నీ కారణాలుగా చూపింది.

ఆ గాలులు ఎలాంటివో తేల్చడానికి పూనుకున్నవాడు షికాగో విశ్వవిద్యాలయపు టెట్సుయా థియోడర్ ఫుజిటా. 1945లో అణుబాంబు పడ్డ నాగసాకి, హిరోషిమాలను ఆయన పరిశీలించాడు. 1974లో అమెరికా టోర్నడోల తర్వాత విమానంలోంచి చూస్తే, కొన్నిచోట్ల చెట్లు సుడి తిరిగినట్టు కాక ఒక కేంద్రం నుంచి బయటికి చిమ్మినట్టు పడి ఉన్నాయి. పేలుడుకు చెట్లు ఇలాగే బయటికి పడిన నాగసాకి ఆయనకు గుర్తుకొచ్చింది. ఈ పోలికతోనే 1976లో ఆయన ‘డౌన్‌బర్స్ట్’ సిద్ధాంతాన్ని ముందుకు తెచ్చాడు; మైక్రోబర్స్ట్ దాని చిన్న రూపమే. తోటి వాతావరణ శాస్త్రవేత్తల్లో చాలామంది ఒప్పుకోలేదు. 1978లో షికాగో దగ్గర నిమ్‌రాడ్, 1982లో డెన్వర్‌లో జాస్ అనే ప్రాజెక్టులు డాప్లర్ రాడార్‌తో అలాంటి గాలులను నమోదు చేశాక వాదన సద్దుమణిగింది. 1982 జూలైలోనే న్యూ ఆర్లియన్స్‌లో పైకి లేస్తున్న పాన్ యామ్ 759 మైక్రోబర్స్ట్‌లో కూలి, నేల మీది 8 మందితో కలిపి 153 మంది ప్రాణాలు పోయాయి.

ఈలోగా రన్‌వేల చుట్టూ గాలిమాపకాలు అమర్చే హెచ్చరిక వ్యవస్థ వచ్చింది. దాని లోపం 1985 ఆగస్టు 2న డల్లాస్–ఫోర్ట్ వర్త్‌లో బయటపడింది. డెల్టా 191 కూలి 137 మంది మరణించారు. ప్రమాదం జరిగిపోయాకే అలారం మోగింది. ఇక్కడా ముందు వెళ్ళిన చిన్న లియర్‌జెట్ అదే వాన గుండా క్షేమంగా దిగింది.

ఆ తర్వాత 1987లో పైలట్ల శిక్షణ సామగ్రి సిద్ధమైంది. 1988లో అమెరికా ఎయిర్‌లైన్ జెట్‌లకు విండ్ షియర్ పరికరాలు తప్పనిసరి అయ్యాయి. 1991, 1992లలో నాసా తన బోయింగ్ 737ను కావాలనే మైక్రోబర్స్ట్‌ల్లోకి నడిపి, ముందుచూపు రాడార్లను పరీక్షించింది. 1990లలో పెద్ద విమానాశ్రయాలకు ప్రత్యేక డాప్లర్ రాడార్లు వచ్చాయి.

చిన్న విమానాల జాగ్రత్తలు

ఈ ఏర్పాట్లు ప్రధానంగా ఎయిర్‌లైన్ల కోసం. రాడార్ లేని చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లో శిక్షణ విమానానికి మిగిలేది పైలట్ కళ్ళూ, వేగసూచికా. ఊపు గాలి ఉన్నప్పుడు, హెచ్చుతగ్గుల తేడాలో సగాన్ని ల్యాండింగ్ వేగానికి కలుపుతారు. గాలి 10 నాట్లుండి 20కి ఎగబాకుతుంటే అదనంగా 5. వేగం ఆకస్మికంగా పెరిగినా దాన్ని వరంగా కాక హెచ్చరికగా తీసుకుని, దిగడం మానుకుని పూర్తి శక్తితో మళ్ళీ పైకి లేస్తారు, అంటే గో-అరౌండ్ చేస్తారు. పిస్టన్ ఇంజిన్ జెట్ కన్నా త్వరగా స్పందించడం ఇక్కడ కలిసొస్తుంది. బలమైన మైక్రోబర్స్ట్‌కు మాత్రం అదీ చాలదు. అందుకే తీవ్రమైన ఉరుముల మేఘానికి కనీసం 20 మైళ్ళ దూరం పాటించమంటారు.

షియర్ తగిలిన పైలట్ ఎంత ఎత్తులో ఎన్ని నాట్లు పోయాయో వెంటనే రేడియోలో చెప్పాలి. బారన్ దిగింది, లియర్‌జెట్ దిగింది. ముందు విమానం దిగిందన్న మాట అది దిగినప్పటి గాలికే వర్తిస్తుంది.