పదాల ఎంపిక: ఢాకా నుండి అంతర్జాతీయ ఆంగ్లం వరకు

ఆంగ్లాన్ని అన్యభాషగా నేర్చేవారికి ముందుగా ఏ పదాలు బోధించాలన్న చర్చ పదునెక్కింది ఇంగ్లండులో కాదు, ఆసియా తరగతి గదుల్లో. టోక్యోలో హెరాల్డ్ పామర్, ఢాకాలో మైకేల్ వెస్ట్ ఇందుకు ఆద్యులు.

వెస్ట్ పరిశీలనకు ప్రాతిపదిక బెంగాలు విద్యార్థుల పరిస్థితి. వారిలో అధికులు చదువు పూర్తి కాకముందే బడి మానేవారు. మధ్యలో వదులుకొన్న బీమాకు ఎంతో కొంత సొమ్ము తిరిగి దక్కినట్లే, మధ్యలో ఆగిన చదువుకూ ఒక ‘సరెండర్ విలువ’ ఉండాలని 1926లో వెలువడిన తన ద్విభాషిత్వ గ్రంథంలో అతడు వాదించాడు. పదపట్టిక వెనుక ఉన్నది గణితం కన్న ముందు ఈ ఆర్తి. అందుకే అతని వాచకాల్లో అరుదైన పదాల స్థానంలో వాడుక పదాలు చేరాయి. కొత్త పదాలు ఎడం ఎడంగా వచ్చి, పలుమార్లు పునరావృతమయ్యాయి.

1930లో ఆగ్డెన్ 850 పదాలతో ‘బేసిక్ ఇంగ్లీషు’ను ప్రతిపాదించాడు. అందులో క్రియలు 18 మాత్రమే. అయితే ఈ పొదుపు పైకి కనిపించేదే. ‘గివ్’, ‘అప్’ తెలిసినంతనే ‘గివ్ అప్’ బోధపడదు. ‘చేయి’, ‘ఇచ్చు’ ఎరిగినవాడికి ‘చేయిచ్చాడు’ అన్న మాట అంతుపట్టనట్లే. పదాల సంఖ్య తగ్గినా అర్థాల భారం తగ్గలేదు.

1934లో న్యూయార్కులో కార్నెగీ సంస్థ ఆశ్రయంలో జరిగిన సమావేశం పదాల ఎంపికను చర్చించింది. ఆ కృషి పర్యవసానమే 1953లో వెస్ట్ ప్రకటించిన ‘జనరల్ సర్వీస్ లిస్ట్’. సుమారు 2000 పదాల ఈ పట్టిక విశిష్టత, ఒక్కొక్క పదానికున్న వేర్వేరు అర్థాల వాడుకను శాతాల్లో చూపడం. పరిమితి కూడా స్పష్టమే: లెక్కకెక్కినవి ప్రధానంగా ఆంగ్లం మాతృభాషగా గలవారి రాతలు. అన్యభాషీయులు తమలో తాము ఆడుకొనే ఆంగ్లానికి అందులో చోటు లేదు. వియన్నా విశ్వవిద్యాలయంలో సైడ్ల్‌హోఫర్ నేతృత్వాన రూపొంది 2009లో వెలువడిన ‘వాయిస్’ భాషాసంచయం, దాదాపు పది లక్షల పదాల అటువంటి సంభాషణలనే సేకరించింది.

నేర్చేవారి మాతృభాష ఏదన్నదీ ఈ పట్టికలు పట్టించుకోలేదు. టికెట్టు, స్టేషను, హోటలు తెలుగు బాలుడికి బడికి రాకముందే తెలుసు. కాని ఊళ్లలో హోటలంటే ఇడ్లీ తినే చోటు. అక్కడ బస ఉండదు. ఆ పదాన్ని నేర్పనక్కరలేదు, రెండో అర్థాన్ని నేర్పాలి.